రోములో బీదల ధాన్యమును శాసనము గావించిన గేయసు గ్రాకసు

ప్రాచీన రోము చరిత్రమును కొంచెమైనను చదివిన మా విద్యార్థులకు గ్రాకసు సోదరుల పేళ్లు క్రొత్తవి కావు. అన్న తిబేరియసు, తమ్ముడు గేయసు. ఇరువురును బీదల పక్షమున నిలిచి యౌవనముననే ప్రాణములు కోలుపోయిరి. పాఠ్యపుస్తకములలో వీరి భూసంస్కరణమును గూర్చి విరివిగా వ్రాయుదురు కాని, తమ్ముడు చేసిన ధాన్యశాసనమును రెండు వాక్యములలో ముగింతురు. మాకు మాత్రము ఆ రెండు వాక్యములయందే యాసక్తి మెండు. ఏలయనగా, ప్రభుత్వము తన బొక్కసమునుండి సొమ్ము వెచ్చించి, నిర్ణయించిన తక్కువ వెలకు నెలనెలయు పౌరులకు ధాన్యము కొలిచి యిచ్చు నేర్పాటు రోములో మొట్టమొదట నితని చేతిమీదుగానే శాసనమయ్యెను. నేడు మన యూళ్లలో చౌకధరల దుకాణము ముందు సంచి పట్టుకొని నిలుచు గృహిణి కీ రోము యువకుని పేరు తెలియదు. తెలియవలసిన పనియు లేదు. చదువుకొనువారు తెలిసికొనుట మంచిదని తలచి యీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గేయసు క్రీ.పూ. 154వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. తండ్రి రెండుమారులు కాన్సలు పదవిని, ఒకమారు సెన్సరు పదవిని వహించిన ప్రముఖుడు. తల్లి కొర్నేలియ, హన్నిబలును జయించిన సిపియో సేనాని కుమార్తె. ఆమెకు పన్నిద్దరు బిడ్డలు కలిగిరి కాని, పెరిగి పెద్దవారైనది తిబేరియసు, గేయసు, సెంప్రోనియ యను కుమార్తె, ఈ మువ్వురు మాత్రమే. భర్త గతించిన పిమ్మట ఐగుప్తు రాజగు టాలెమీ యామెను వివాహమాడ గోరెను. రాణి పదవిని కాదని యామె వైధవ్యముననే యుండి, గ్రీకు విద్వాంసులను పిలిపించి కుమారులకు విద్య గరపించెను. ఒక ధనికురాలు తన నగలను చూపి మురియుచుండగా, కొర్నేలియ తన పిల్లలు బడినుండి వచ్చువరకు మాటలతో ప్రొద్దుపుచ్చి, వారు రాగానే వారినే తన యాభరణములని చూపెనను కథను మాతలు పిల్లలకు నేటికిని చెప్పుచున్నారు.

ఆ కాలమున రోము రాజ్యము పెరుగుచుండెను, రోము రైతు చితికిపోవుచుండెను. చిన్నచిన్న కమతములు గల రైతులు యేండ్లతరబడి దూరదేశములలో యుద్ధము చేసి యింటికి వచ్చునప్పటికి పొలములు బీడుపడియో, అప్పులపాలయ్యో, ధనికుల చేతులలో పడియో యుండెడివి. ధనికులు యుద్ధములలో చెరపట్టబడిన దాసులచే ఆ పొలములను దున్నించిరి. కూలి కూడ దొరకని రైతు పట్టణమునకు వలసపోయెను. క్రీ.పూ. 133లో తిబేరియసు ట్రిబ్యూను, అనగా సామాన్యప్రజల పక్షమున నిలిచి సెనేటును సైత మడ్డగింప నధికారము గల యుద్యోగి, అయ్యెను. ప్రభుత్వభూమిలో ఒక్కొక్కడు 500 యూగెరములకు మించి యాక్రమించుకొనరాదనియు, మిగిలినదానిని బీదలకు పంచవలెననియు శాసనము చేసెను. ఆ యేడే సెనేటు సభ్యులును వారి పరిజనులును విరుగగొట్టిన బల్లకాళ్లతోను దుడ్డుకర్రలతోను అతనిని, అతని పక్షమువారిని మున్నూరుమందికి పైగా చంపి శవములను టైబరు నదిలో పారవైచిరి. అన్న శవమును రాత్రివేళనైన పూడ్చుకొననిమ్మని గేయసు వేడుకొనగా నదియు నీయకపోయిరని ప్లూటార్కు వ్రాసెను. అప్పటి కితనికి ఇరువదియొక్క యేండ్లు.

ఆ తరువాత కొంతకాల మితడు ప్రజాకార్యములలో నంతగా కనబడలేదు. క్రీ.పూ. 126లో కోశాధికారిగా సార్దీనియ ద్వీపమునకు పోయెను. ఆ శీతకాలము కఠినమైనది. సైనికులకు బట్టలు లేవు. సేనాని ద్వీపమందలి పట్టణములపై బట్టల పన్ను విధింపగా, ఆ పట్టణములు సెనేటునకు మొరపెట్టుకొని తప్పించుకొనెను. సేనానికి దిక్కు తోచలేదు. అప్పుడు గేయసు పట్టణము వెంట పట్టణము తిరిగి, ఎవరిని బలవంతపెట్టక, మంచిమాటలతో వారంతట వారే బట్టలిచ్చునట్లు చేసెను. అతనియందలి గౌరవముచేత నుమిదియ రాజగు మికిప్స సేనకు ధాన్యము పంపినట్లు తెలియగా, సెనేటువారు ఆ రాజదూతలను సభనుండి వెడలగొట్టిరి. ఆకొన్నవానికి అన్నము పెట్టుటకంటె ఆ పేరు ఎవరికి వచ్చుననునదియే కొందరికి ముఖ్యము. ఇట్టి వారు రోములోనే కాదు, మనకు తెలిసిన సంఘములలోను గ్రామములలోను గలరు.

సెలవు లేకయే పదవిస్థానమును విడిచి వచ్చెనని సెన్సరులు విచారణ చేయగా, ఇతడు తన లెక్క తానే చెప్పుకొనెను. పదియేండ్ల కొలువు చాలియుండగా తాను పండ్రెండేండ్లు చేసితిననియు, తాను నిండుసంచితో పోయి వట్టిసంచితో వచ్చితిననియు, తక్కినవారు ద్రాక్షారసపు జాడీలను కొనిపోయి, త్రాగి, అవే జాడీలలో వెండి బంగారములు నింపి తెచ్చిరనియు నతని వాదము. నిర్దోషియని విడిచిరి. వెంటనే ట్రిబ్యూను పదవికి నిలువబడెను. తల్లికి ఇష్టము లేదందురు. ఓటు వేయుటకు ఇటలీ నలుమూలలనుండి వచ్చిన జనము మైదానమున పట్టక ఇంటికప్పులపై నుండి కేకలు వేసిరి. ఐనను ధనికుల ప్రయత్నముచేత నితడు నాలుగవవాడుగా మాత్రమే గెలుపొందెను. క్రీ.పూ. 123లో పదవి కెక్కినది మొదలు మొదటివా డితడే.

వక్తృత్వమున నితనికి సమానుడు లేడు. ఉద్రేకము వచ్చినప్పుడు కంఠము చెడునని తెలిసి, లికీనియసు అను సేవకుని వెనుక నిలువబెట్టి, స్వరము మీరినప్పుడెల్ల పిల్లనగ్రోవి మెల్లగా నూదుమని యేర్పాటు చేసికొనెను. వక్తృత్వపు పోటీలలో గొంతు చించుకొను మా బాలురు దీనిని గమనింతురు గాక. అంతవరకు వక్తలు సెనేటు మందిరమువైపు మొగము పెట్టి మాటాడెడివారు. గేయసు ఇటు తిరిగి జనులవైపు మొగము పెట్టెను. ఒక్కడుగు తిరిగినంతమాత్రమున ప్రభువు లెవరో మారినట్లయ్యెనని ప్రాచీనులు వ్రాసిరి.

ఇక ధాన్యశాసనము. రోము నగరపు జనము తినుటకు చుట్టుపట్ల పొలముల పంట చాలదు. సిసిలీ, సార్దీనియ, ఆఫ్రికాలనుండి ఓడలలో గోధుమలు రావలెను. శీతకాలమున సముద్రము మూయబడును. తుపానులు, దొంగల యోడలు, ధాన్యమును దాచి ధర పెరుగువరకు వేచియుండు వర్తకులు, ఇన్ని గండములు గడచిన పిమ్మట గాని గింజ బీదవాని తిరుగలిలో పడదు. క్రీ.పూ. 135 మొదలు 132 వరకు సిసిలీలో దాసులు తిరుగుబాటు చేయగా పంటలు చెడెను. 125లో ఆఫ్రికాను మిడుతలు నాశనము చేసెను. కూలివాని సంపాదన యంతయు ధాన్యపు ధర వెంబడి పరుగిడవలసివచ్చెను. అంతకుముందు కరవు వచ్చినప్పుడు అధికారులు కొందరు చౌకగా ధాన్యము పంచిపెట్టుట కలదు. అది యా యధికారి దయ. వచ్చిన యేడు వచ్చును, రాని యేడు రాదు.

గేయసు దీనిని దయనుండి తొలగించి శాసనములోనికి తెచ్చెను. ప్రభుత్వము ధాన్యము కొని, నెలకొకమారు, మోదియసు ఒక్కింటికి 6⅓ ఆసుల చొప్పున పౌరుల కమ్మవలెను. మోదియ సనునది తొమ్మిది లీటర్లకు కొంచెము తక్కువ పట్టు కొలపాత్ర. గోధుమలు దాదాపు ఆరున్నర కిలోలు. ఈ పాత్ర మనకు పరిచితమే. దీపమును దేనిక్రింద పెట్టరాదని సువార్తలో చెప్పబడినదో, మన తెలుగు బైబిలు దేనిని కుంచమని పేర్కొన్నదో, గ్రీకు మూలమున నదియే యీ పేరుగల కొలత. ఆసు రాగినాణెము, అప్పటి లెక్కలో పదునారు ఆసులు ఒక దేనారము. అనగా కుంచెడు గోధుమలు అర దేనారమునకు లోపుగా దొరకెను. ధర తక్కువగుట యొక మేలు, ధర స్థిరముగా నుండుట మరియొక మేలు. మా యభిప్రాయమున రెండవదే గొప్పది; వచ్చు నెల ధర యెంతయో తెలిసినవాడు వడ్డీవ్యాపారి గుమ్మము తొక్కకుండ సంసారము దిద్దుకొనగలడు.

శాసనము వ్రాసి యూరకుండలేదు. చౌకగా నున్నప్పుడు కొని నిలువచేయుటకు గిడ్డంగులు కట్టించెను. అవి యతని వంశనామముతో సెంప్రోనియ గిడ్డంగులని చాలకాలము పిలువబడెను. కొలుచువారు, కాపలావారు, బండ్లవారు, తాపీపనివారు, అందరి లెక్కలు తానే చూచుకొనెడివాడు. ఆ కాలమున నితని యింటిచుట్టు గుత్తదారులు, చేతిపనివారు, రాయబారులు, సైనికులు, పండితులు మూగియుండగా, ఒక్కొక్కరితో వారివారికి తగినట్లు మాటాడుచుండెనని చెప్పుదురు. ద్వేషించినవారు కూడ నీ పనితనమును చూచి యచ్చెరువొందిరి.

మరియొక సంగతి మమ్ము మిక్కిలి యాకర్షించినది. ఫేబియసు అను నధికారి స్పెయినునుండి రోమునకు ధాన్యము పంపెను. అది యక్కడి పట్టణములనుండి లాగుకొన్నది. ధాన్యము కొరకు తహతహలాడుచున్న గేయసు దానిని సంతోషముగా గైకొనునని యెవరైన తలతురు. అతడు అట్లు చేయలేదు. ఆ ధాన్యము నమ్మి, వచ్చిన రొక్కమును ఆ పట్టణములకే తిరిగి పంపవలెననియు, రోము ప్రభుత్వమును ప్రజలకు భరింపరానిదిగా చేసినందులకు ఫేబియసును మందలింపవలెననియు సెనేటుచే తీర్మానింపజేసెను.

శత్రువులు చెప్పిన యాక్షేపణలు రెండు. బొక్కస మొట్టిపోవుననునది యొకటి. జనులు సోమరులగుదు రనునది రెండవది. కొన్ని తరముల తరువాత సిసిరో సయితము ఈ రెంటిని వల్లించెను. పీసో అను పెద్దమనిషి, పొదుపరి యను బిరుదు గలవాడు, ధాన్యశాసనమును తుదివరకు ఎదిర్చెను. శాసనము నెగ్గిన తరువాత ధాన్యము కొలుచుచోట వరుసలో నా పీసోయే నిలిచియుండుట గేయసు కంటబడెను. ఎదిర్చినవాడవు ఎట్లు వచ్చితివని అందరు వినునట్లు అడిగెను. తన సొత్తును గేయసు తలకొక పాలుగా పంచుట తనకిష్టము లేదనియు, పంచుటయే నిశ్చయమైనప్పుడు తన పాలు తాను పుచ్చుకొందుననియు పీసో బదులుచెప్పెను. ఈ కథను సిసిరో పీసో పక్షమున వ్రాసెను. చక్కని జవాబే. కాని యా సొత్తు పీసోది మాత్రమే యగునా యని మాకు సందేహము. రాజ్యము సంపాదించిన యుద్ధములలో రక్తము కార్చినది వరుసలో అతని వెనుక నిలిచినవారే గదా.

ఈ కథవలన మరియొకటి తెలియుచున్నది. గేయసు శాసనమున బీదవాడని నిరూపించుకొనవలసిన పని లేదు. పౌరుడైన చాలును, కాన్సలు పదవి చేసినవాడైనను కొనవచ్చును. దాసులకు, పరదేశులకు మాత్రము లేదు. ఎవరికి ఈయవలెను, ఎవరిని తీసివేయవలెను అను తగవు నాటిదే. మన దేశమున 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఆంధ్రప్రదేశములో కిలో బియ్యము 2 రూపాయల కిచ్చునప్పుడును, 2013లో జాతీయ ఆహారభద్రతా శాసనము పల్లెలలో నూటికి 75 మందివరకును, పట్టణములలో 50 మందివరకును మనిషికి నెలకు 5 కిలోల చొప్పున హక్కు గల్పించినప్పుడును ఈ తగవే విన్నాము. అందరికి ఇచ్చిన పీసోవంటివాడు వరుసలోనికి వచ్చును. ఏరి యిచ్చిన, ఏరువాని చేతిలో కాగితము లేని విధవరాలు వరుసనుండి వెడలగొట్టబడును. రెండవ తప్పిదముకంటె మొదటిదే మేలని మే మనుకొందుము.

సొమ్మెక్కడిది? ఇక్కడ గేయసును మేము పూర్తిగా సమర్థింపజాలము. క్రీ.పూ. 133లో పెర్గము రాజగు అత్తలసు మరణించుచు తన రాజ్యమును రోమునకు వ్రాసి యిచ్చెను. అదియే ఆసియ మండలము. ఆ మండలపు పన్నులను రోములోనే వేలము వేయవలెనని గేయసు మరియొక శాసనము చేసెను. బొక్కసమునకు ధనము వచ్చెను; బీదల ధాన్యమునకు ఆధార మేర్పడెను. కాని వేలము పాడిన గుత్తదారులు పాటకు మించి రాబట్టుకొననిదే లాభము లేదు. సువార్తలలో సుంకరులను ప్రజలేల యంతగా ద్వేషించిరో యెరిగిన మన చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. స్పెయినువారి ధాన్యమునకు వెల పంపించిన న్యాయబుద్ధి ఆసియ రైతు నెందుకు మరచెనో! రోము పేదవాని కుంచము నిండుటకు ఎఫెసు ప్రాంతపు పేదవాని గాదె తరిగెను.

ఇతర శాసనము లనేకము. సైనికుల బట్టల ఖర్చు జీతమునుండి పట్టుకొనరాదు. పదునేడేండ్లకు లోబడినవారిని సేనలో చేర్చరాదు. ప్రజల యాజ్ఞ లేక పౌరునికి మరణదండన విధింపరాదు. తిన్నగా సాగు రాతిబాటలు వేయించి, మైలు మైలునకు రాతి కంబములు నాటించెను. గుఱ్ఱమెక్కువారి సౌకర్యార్థము ప్రక్కల మెట్టురాళ్లు కూడ పెట్టించెను. బీదలకు భూమి యిచ్చుటకై కొన్నిచోట్ల క్రొత్త వలసలు నిర్ణయించెను.

పతనము ధాన్యముచేతనే కాక దయచేతను వచ్చెను. లాటినులకు రోము పౌరత్వము, తక్కిన ఇటలీవారికి ఓటుహక్కు ఈయవలెనని గేయసు ప్రతిపాదించెను. అప్పుడు కాన్సలు ఫానియసు, ఆ పరాయివారు వచ్చినచో సభలలోను వేడుకలలోను మీకు నిలువ చోటుండదని రోము జనులను భయపెట్టెను. నిన్నటివరకు గేయసును మోసిన జనము ఈ మాటకు లొంగెను. తమ పాలు దొరికిన పిమ్మట పాలివారు పెరుగుట వారి కిష్టము లేకపోయెను. అదే సమయమున సెనేటువారు డ్రూససు అను మరియొక ట్రిబ్యూనును ముందు నిలిపిరి. గేయసు రెండు వలసలను చెప్పిన డ్రూససు పండ్రెండు చెప్పును. ఒక్కొక్క దానికి మూడువేల బీదలు. గేయసు శిస్తు పెట్టిన ఇతడు శిస్తు లేదనును. ఆ పండ్రెండును కాగితముమీదనే నిలిచిపోయెను, కాని ఆశ పుట్టించు పని నెరవేరెను. గేయసు కార్తేజి స్థలమున వలస స్థాపించుటకై వెళ్లి డెబ్బది దినములు రోములో లేకపోవుట శత్రువులకు వాటమయ్యెను.

తిరిగివచ్చి, ధనికులుండు పాలటీను కొండమీది యిల్లు విడిచి, బీదలు కాపురముండు చోటికి మారెను. ఒక వేడుక సందర్భమున అధికారులు బజారుమైదానము చుట్టు మంచెలు కట్టి అద్దె కిచ్చుచుండిరి. బీదలు ఊరక చూచుటకు వీలుగా వానిని తీయుడని గేయసు అడుగగా వినలేదు. వేడుక ముందటి రాత్రి పనివారిని తీసికొనిపోయి తానే మంచెలన్నిటిని పీకించెను. జనులు సంతోషించిరి, తోడి ట్రిబ్యూనులు పగబట్టిరి. మూడవమారు ఎన్నికలో నితడు ఓడిపోయెను.

క్రీ.పూ. 121లో ఓపిమియసు కాన్సలయ్యెను. గేయసు శాసనములను కొట్టివేయ మొదలిడినప్పుడు జరిగిన కలహమున కాన్సలు పరిచారకు డొకడు చంపబడెను. గేయసు తనవారినే గద్దించెను, కాని శత్రువులకు కావలసినది దొరకెను. రాజ్యరక్షణకై యేమైన చేయవచ్చునని సెనేటు కాన్సలునకు అధికార మిచ్చెను. మరునాడు గేయసు యుద్ధమునకు పోవువానివలె కాక, మామూలు పైబట్టతో చిన్న కత్తిమాత్రము ధరించి బయలుదేరెను. భార్య లికీనియ బిడ్డ నెత్తుకొని గుమ్మమున నడ్డగించి, అన్నను చంపినవారి చేతులలోనికే పోవుచున్నావని యేడ్చెను. ఆమె చేయి మెల్లగా విడిపించుకొని మాటాడక వెడలిపోయెను. అవెంటీను కొండమీద మిత్రుడు ఫుల్వియసు సాయుధులను కూర్చెను. సంధి మాటలు విఫలమయ్యెను. క్రేతు విలుకాండ్రు బాణములు కురియగా జనము చెదరెను. గేయసు ఎవరిపైనను కత్తి యెత్తలేదు. మిత్రు లిద్దరు వంతెనయొద్ద నిలిచి, తరుమువారి నడ్డగించి ప్రాణములు విడిచిరి. గేయసు గుఱ్ఱము నడుగుచు పరుగెత్తెను. దారిప్రక్క జనులు పందెమునకు ఉత్సాహపరచునట్లు కేకలు వేసిరే కాని ఒక్కడును గుఱ్ఱ మీయలేదు. నదికి ఆవలి తోపులో, వెంటనున్న సేవకుడు ఫిలొక్రటీసు యజమానుని చంపి తాను చచ్చెను. అప్పటికి గేయసునకు ముప్పదిమూడేండ్లు. తలకు సరితూగు బంగార మిత్తునని కాన్సలు ప్రకటించియుండగా, తెచ్చినవాడు దానిలో సీసము పోసెనట. పిల్లలు చదువు పత్రికలో నింతకంటె వ్రాయము.

చంపబడినవారు మూడువేలు. వారి భార్యలు విలపింపరాదని నిషేధించిరి. ఇది యంతయు చేసి ఓపిమియసు సమైక్యదేవతకు గుడి కట్టించెను. కొంతకాలమునకు ప్రజలు సోదరుల ప్రతిమలు నిలిపి, వారు కూలినచోట ఋతువుల తొలిపంటను తెచ్చి యర్పించిరి. కొర్నేలియ మిసేనమను సముద్రతీరమున నివసించుచు, వచ్చినవారికి తన తండ్రిని గూర్చియు కుమారులను గూర్చియు కన్నీరు లేక చెప్పుచుండెనట. కొందరు దానిని వృద్ధాప్యమువలని మతిమరుపనిరి. ప్లూటార్కు ఒప్పుకొనలేదు; మేమును ఒప్పుకొనము.

వలసలు చెదరెను, భూసంస్కరణము తరిగిపోయెను. ధాన్యమును మాత్రము తీసివేయుట ఎవరికిని సులభము కాలేదు. సుల్లా రద్దుచేసెను. క్రీ.పూ. 73లో మరల వచ్చెను, ఒక్కొక్కనికి నెలకు అయిదు కుంచములు. 62లో గ్రాకసు పక్షమునకు బద్ధశత్రువగు సెనేటుపక్షపు కేటో తానే గ్రహీతల సంఖ్య పెంచెను. 58లో క్లోడియసు వెల తీసివేసి ఉచితము చేసెను. కైసరు జూలియసు లెక్క వ్రాయించి 3,20,000 మందిని 1,50,000కు తగ్గించెను. ఔగుస్తు కాలమున పుచ్చుకొనువారు రెండు లక్షలకు పైచిలుకు. ఈ ధాన్యములో పెద్దభాగము తరువాత ఐగుప్తునుండి రాజొచ్చెను. అపొస్తలుడగు పౌలు ఖైదీగా ఎక్కిన అలెక్సంద్రియ యోడ ఇటలీకి గోధుమలు మోయునట్టిదే. అందున్న 276 మందియు తుపానులో ప్రాణములు దక్కించుకొనుటకై ఆ గోధుమలను సముద్రములో పారబోసి యోడను తేలిక చేసిరి. మెలితే ద్వీపమున శీతకాలము గడపి, మరియొక అలెక్సంద్రియ యోడలో వారు దిగిన పొతియొలీ రేవు, కొర్నేలియ వృద్ధాప్యము గడపిన మిసేనము దాపుననే, అదే యఖాతపు టొడ్డున నున్నది.